సెన్సర్ మార్చేముందు ఆ మూడు వైర్లు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నాది విజయవాడ సింగ్‌నగర్‌లో మోటార్ వైండింగ్ షాపు. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం నాడు బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు ఆ కంగారులో మా తమ్ముడు కారును కాస్త మెరక వైపు పెడదామని స్టార్ట్ చేసి నాలుగిళ్ల దూరం నడిపాడు. ఎయిర్ ఫిల్టర్ నీళ్లు లాగేసింది, ఇంజిన్ అక్కడికక్కడే పట్టేసింది. విప్పి చూస్తే కనెక్టింగ్ రాడ్డు వంగి ఉంది. మాకున్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, పైసా రాదు. 2011 మోడల్ చిన్న పెట్రోల్ కారుకి కొత్త సామాన్లు వేయిస్తే ఆ ఖర్చు కారు ఖరీదంత అవుతుంది, అందుకని చాలామందిలాగే ఆటోనగర్ నుంచి పాత ఇంజిన్ తెచ్చి వేయించాం. ఇంజిన్ నిజంగా బాగుంది. ఆ తర్వాత ఆర్నెల్లు పడ్డ తిప్పల గురించే ఈ ఉత్తరం, ఎందుకంటే ఇదే బాధ మా చుట్టుపక్కల ఇంకా కొందరు పడ్డారు, డబ్బులు పోసుకుంటూనే ఉన్నారు.

పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరిగేది గాని అందుకునేది కాదు. విసుగొచ్చి మా తమ్ముడు ఒకరోజు యాక్సిలరేటర్ నేల దాకా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాడు, వెంటనే స్టార్ట్ అయింది. అప్పటినుంచి అదే అలవాటు చేసుకున్నాం. స్టార్ట్ అయ్యాక పెట్రోల్ వాసన గుప్పుమనేది, పెడల్ మీద కాలు వేస్తే బండి మొదట వెనక్కి లాగినట్టయి తర్వాత ఒక్కసారి ఎగదన్నేది. చెక్ లైట్ ఒకరోజు వెలిగేది, ఒకరోజు ఆరిపోయేది. ఇంజిన్ బిగించిన షెడ్డులోనే స్కానర్ పెట్టి చూస్తే పి0121 కోడ్, అంటే పెడల్ ఎంత తొక్కామో చెప్పే త్రాటిల్ పొజిషన్ సెన్సర్ లెక్క కుదరడం లేదని వచ్చింది. ఇంకేముంది, సెన్సర్ మార్చారు. తగ్గలేదు, ఇంకో సెన్సర్ తెచ్చారు. తర్వాత ఇంజిన్‌లోకి గాలి వదిలే త్రాటిల్ బాడీ కడిగారు. చివరికి ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, పోయి ఉంటుంది, సెకండ్ హ్యాండ్‌ది చూద్దాం అన్నారు. అప్పుడు నేను ఆగమని చెప్పి నా మల్టీమీటర్ పట్టుకుని బానెట్ ఎత్తాను.

ఈ సెన్సర్‌లో పెద్ద రహస్యమేమీ లేదు. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పే కంట్రోల్ ఎలాంటిదో, కేబుల్ యాక్సిలరేటర్ ఉన్న బండ్లలో ఎక్కువగా ఇదీ అలాంటిదే. దానికి మూడు వైర్లు. ఒకదాంట్లో ఈసీఎం పంపే 5 వోల్టులు, ఒకటి ఎర్త్, మూడోది సిగ్నల్. పెడల్ వదిలేసినప్పుడు సిగ్నల్ వైరులో సుమారు 0.5 వోల్టు ఉండాలి, మెల్లగా తొక్కుతూ పోతే మధ్యలో ఎక్కడా గెంతకుండా 4.5 దాకా పెరగాలి. ఈసీఎంకి మన కాలు కనబడదు, ఆ వోల్టేజీ చూసే ఎంత తొక్కామో లెక్క కడుతుంది.

కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, సెన్సర్‌కి వైర్లు తగిలించే ప్లగ్గు, అదే కప్లర్, దాని వెనక రబ్బరు సీలు పక్క నుంచి సన్నటి గుండుసూది దూర్చి సిగ్నల్ వైరు చూశాను. పెడల్ వదిలేసి ఉంటే 4.4. మా తమ్ముణ్ణి మెల్లగా తొక్కమన్నాను. 3.8, 2.9, 1.7, అలా దిగుతూ పూర్తిగా తొక్కేసరికి 0.6కి వచ్చింది. ఒక్కచోట కూడా గెంతలేదు, సెన్సర్ శుభ్రంగా పని చేస్తోంది, కాకపోతే తలకిందులుగా. 5 వోల్టుల వైరూ ఎర్త్ వైరూ అటుదిటు ఇటుదటు అయ్యాయి. మేం కాలు తీసేస్తే ఈసీఎం పూర్తిగా తొక్కామనుకుంటోంది. చాలా బండ్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు పెడల్ పూర్తిగా తొక్కి ఉంటే, ఇంజిన్‌లో పెట్రోల్ ఎక్కువైందేమో అని ఈసీఎం ఇంజెక్టర్లు ఆపేస్తుంది. అందుకే మా బండి పెడల్ తొక్కితే తప్ప స్టార్ట్ అయ్యేది కాదు! ఆర్నెల్లు ఆ బండి రోజూ పొద్దున్నే జబ్బేమిటో చెబుతూనే ఉంది, వినిపించుకున్నవాళ్లు లేరు.

టేపు విప్పితే సంగతి తేలిపోయింది. తెచ్చిన ఇంజిన్ అదే సీసీది గాని ఏడాది వేరు, దాని త్రాటిల్ బాడీకి ఉన్న కప్లర్ మా వైరింగ్‌కి పట్టలేదు. దాంతో పాత బండి వైరింగ్ నుంచి కప్లర్ కోసి తెచ్చి, మూడు వైర్లూ రంగు చూసి మెలిపెట్టి టేపు చుట్టేశారు. వైరు రంగు ఒక మోడల్‌లో ఒకలా ఉంటుంది, ఏడాది మారితే మారిపోవచ్చు. రంగు చూసి కలపకూడదు, ఏ వైరులో ఏముందో కొలిచి కలపాలి. మా అదృష్టం కొద్దీ అది పాత రకం సెన్సర్ కాబట్టి తిరగేసి ఇచ్చినా కాలిపోలేదు. అయస్కాంతంతో పనిచేసే హాల్ రకం సెన్సర్లలో ఇలా తిరగేస్తే లోపలి చిప్ పోవచ్చు.

ఆ మాట నలుగురికీ తెలిసి, వరదల తర్వాత ఇంజిన్ మార్పించుకున్న ఇంకో మూడు బండ్లు నా షాపు ముందుకొచ్చాయి. ఒకదాంట్లో సిగ్నల్ ఎప్పుడు చూసినా 5 వోల్టుల దగ్గరే ఉంది, కోడ్ పి0123. సెన్సర్ ఎర్త్ వైరు కప్లర్‌లో పిన్ వెనక్కి జారిపోయింది, బయటికి బాగానే కనబడుతోంది, వేలితో నెడితే లోపలికి కదులుతోంది. ఇంకోదాంట్లో 5 వోల్టులే రావడం లేదు, పి0122. వాళ్లు ఈసీఎంకి బేరం కూడా ఆడేశారు. ఆ 5 వోల్టుల లైను ఆ బండిలో మ్యాప్ సెన్సర్‌కీ, అంటే ఇంజిన్‌లోకి పోయే గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్‌కీ పోతుంది, దాని కప్లర్ ఊడదీయగానే ఇక్కడ 5 వోల్టులు ప్రత్యక్షమయ్యాయి. మ్యాప్ సెన్సర్ కప్లర్ నిండా ఎండిన వండ్రుమట్టి, పిన్నులు పచ్చగా చిలుముపట్టి షార్ట్ అవుతున్నాయి. మూడోదాంట్లో అసలు లోపం సెన్సర్ దగ్గరే లేదు. ఇంజిన్ దించినప్పుడు విప్పిన పెద్ద ఎర్త్ పట్టీ మళ్లీ బిగించలేదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ మైనస్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య కొలిస్తే 0.2 వోల్టుకి మించకూడదు, అక్కడ 1 వోల్టు దాటింది. సెల్ఫ్ మోటారు లాగే కరెంటుకి దారి లేక సన్నటి ఎర్త్ వైర్ల గుండా పోతుంటే సెన్సర్ల లెక్కలన్నీ తప్పుతాయి, అలాగే వదిలేస్తే ఆ సన్న వైర్లు వేడెక్కి కాలతాయి కూడా.

నేను మెకానిక్కుల మీద కోపంతో రాయడం లేదు. ఇంజిన్ దించి ఎక్కించడంలో మనవాళ్ల చేతి పని చూస్తే ముచ్చటేస్తుంది. కాని స్కానర్ కోడ్ చూపించగానే ఆ పార్టు పోయిందని అనుకోవడం తప్పు. ఆ కోడ్ సెన్సర్, దాని కప్లర్, వైర్లు, ఎర్త్ అన్నిటికీ కలిపి వస్తుంది, అందులోనూ నిన్నటిదాకా లేని లోపం ఇంజిన్ మార్చాకే వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది మనం చెయ్యి పెట్టిన చోటుని. కప్లర్ ఊడదీసి, కీ ఆన్ చేసి, 5 వోల్టుల పిన్నుకీ బాడీకీ కాకుండా, 5 వోల్టుల పిన్నుకీ ఆ కప్లర్‌లోని ఎర్త్ పిన్నుకీ మధ్య కొలవండి, ఒక్క కొలతలో రెండు వైర్ల సంగతీ తెలుస్తుంది. తర్వాత కప్లర్ పెట్టి, సిగ్నల్ చూస్తూ వైరింగ్‌ని చేత్తో కదిలించండి, లూజ్ కాంటాక్ట్ ఉంటే అంకె గెంతుతుంది. దయచేసి టెస్ట్ బల్బు మాత్రం వాడొద్దు, అది లాగే కరెంటుకి ఈసీఎం దెబ్బతినవచ్చు. వైరు తోలుకి సూది గుచ్చడం కూడా వద్దు, ఆ బొక్కలోంచి తేమ దిగి ఏడాదికి రాగి తినేస్తుంది. జాయింట్ చేయాల్సి వస్తే సోల్డరింగ్ చేసి స్లీవ్ వేయండి, ఇంజిన్ వేడికి టేపు జిగురు కరిగిపోతుంది.

యాక్సిలరేటర్ కేబుల్ లేని కొత్త బండ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వాటి త్రాటిల్ బాడీకి మామూలుగా ఆరు వైర్లు, రెండు మోటారుకి, మిగతావి రెండు సిగ్నళ్లు ఉన్న సెన్సర్‌కి. ఆ రెండు సిగ్నళ్లూ ఒకదానితో ఒకటి పొసగకపోతే పి2135 వచ్చి బండి పాకుతున్నట్టు నడుస్తుంది. అక్కడ రంగులు చూసి వైర్లు కలపడం ప్రాణాలతో చెలగాటం. ఆ బండి వైరింగ్ డయాగ్రమ్ దొరకనిదే చెయ్యి పెట్టకూడదు.

మీ పత్రిక ద్వారా రెండు మనవులు చేసుకుంటున్నాను. షెడ్డు యజమానులు సెన్సర్ మార్చి బిల్లు ఇచ్చేటప్పుడు, మార్చకముందు 5 వోల్టుల లైను, ఎర్త్, సిగ్నల్ ఎంతెంత చూపించాయో ఆ బిల్లు మీదే మూడంకెలు రాసి ఇవ్వండి. బండి వాళ్లు కూడా అడిగి రాయించుకోండి. ఇంజిన్ నంబరు ఎలాగూ ఆర్సీలో మార్పించుకోవాలి కాబట్టి ఆ కాగితాలతో పాటు ఈ బిల్లూ దాచుకోండి.

రెండోది పాత ఇంజిన్లు అమ్మేవాళ్లకి. కప్లర్లు మొదలంటా కోసేయకుండా ఒక్కోదానికి జానెడు వైరు వదిలి కోయండి, ఆ ఇంజిన్ ఏ మోడల్ బండిది, ఏ సంవత్సరానిది అని బ్లాకు మీద తెల్ల పెయింట్‌తో రాసి పెట్టండి. మా కారుకి అదొక్కటీ రాసి ఉంటే, ఆ వైర్లు రంగు చూసి కలిపేవాళ్లే కారు.

ఇట్లు,
మోటార్ వైండింగ్ షాపు యజమాని,
సింగ్‌నగర్, విజయవాడ