నత్తికి వస చాలదు, థెరపిస్టు కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నత్తి ఉన్న పిల్లలకి బడిలో హాజరు పలకడం దగ్గరే టెన్షన్ మొదలవుతుంది. ‘ప్రెజెంట్ టీచర్’ అనబోయి ‘ప్ర... ప్ర...’ దగ్గర ఆగిపోతే వెనక బెంచీలు నవ్వుతాయి. నోటికొచ్చిన పద్యాన్ని కూడా రాదని చెప్పి తిట్లు తినేవాళ్లుంటారు. ఇంట్లోనేమో వస అరగదీసి నాలుకకు రాస్తారు. పసితనంలో వచ్చే నత్తి చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది, పేరు మాత్రం వసకొస్తుంది. తగ్గనివాళ్ల మాటేమిటి?

బ్రిటన్ రాజు ఆరో జార్జి అలాంటివాడే. 1925లో, ఇంకా రాజు కాకముందు, లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన ఎగ్జిబిషన్ ముగింపు సభలో మైకు ముందు మాట పెగలక నానా అవస్థ పడ్డాడు. మరుసటి ఏడాది లండన్‌లో లయొనెల్ లోగ్ అనే ఆస్ట్రేలియన్ దగ్గరికి వెళ్లాడు. లోగ్ డాక్టరు కాదు, ఉచ్చారణ నేర్పే మాస్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మాట దెబ్బతిన్న సైనికులకు సాయపడ్డ అనుభవం ఉంది. అన్న ఎనిమిదో ఎడ్వర్డ్ 1936లో గద్దె వదిలేయడంతో కోరుకోని కిరీటం తమ్ముడి నెత్తినపడింది. 1939 సెప్టెంబరు 3న రెండో ప్రపంచ యుద్ధం గురించి రేడియోలో మాట్లాడినప్పుడు గదిలో రాజు పక్కన లోగ్ ఉన్నాడు. ఎక్కడ ఆగాలో కాగితం మీద ముందే గీతలు గీసి ఇచ్చాడు.

ఇదంతా ఒక్క సిటింగ్‌లో అయింది కాదు. మొదటి పద్నాలుగు నెలల్లోనే 80 సార్లకు పైగా కలిశారు. అయినా నత్తి పూర్తిగా పోలేదు, ఆగి ఆగి మాట్లాడటం మాత్రం అలవడింది.

సికింద్రాబాద్‌లో మాట, వినికిడి లోపాలకు సాయపడే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మైసూరులో వాక్ శ్రవణ సంస్థ ఉంది. కూలికెళ్లే తల్లి పిల్లాణ్ణి తీసుకుని అన్నిసార్లు అక్కడికి తిరగగలదా? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మాట, భాష వైకల్యాన్ని కూడా గుర్తించింది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడి పిల్లల్ని పరీక్షిస్తున్నారు. పేరు రాసుకుని ఊరుకుంటే ఏం లాభం? వారానికి ఒక్కరోజైనా స్పీచ్ థెరపిస్టు మండల కేంద్రానికి రావాలి.

అంతవరకూ విద్యాశాఖ పైసా ఖర్చు లేకుండా ఒక పని చేయొచ్చు. నత్తి ఉన్న పిల్లలు హాజరుకు చెయ్యెత్తితే చాలని, మౌఖిక పరీక్షలో అదనపు సమయం ఇవ్వాలని, వాళ్ల మాటను మధ్యలో అందుకుని పూర్తి చేయొద్దని టీచర్లకు ఒక సర్క్యులర్ పంపాలి. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా అది రావాలని నా విన్నపం.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి