తోక మీద కూర్చున్న మిగ్

విజయనగరం

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులు దాటింది. ఆలస్యానికి కారణం మిగ్-21 యుద్ధవిమానం. నవ్వకు. పోయిన వేసవిలో కొన్న ప్లాస్టిక్ కిట్ ఉంది చూడు, 72వ వంతుది, అదే. అసలు విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 7.15 మీటర్లు. నాది 10 సెంటీమీటర్లు కూడా లేదు. అరచేతిలో పట్టేదానికి రెండు నెలలుగా ఏటి చేస్తున్నారని మీ చెల్లెలు రోజూ అడుగుతోంది.

1963లో మన వాయుసేనలోకొచ్చిన మిగ్-21 మొన్న 2025 సెప్టెంబరులో చండీగఢ్‌లో రిటైరైంది కదా. ఆ వీడ్కోలు టీవీలో చూసి, అటక మీద ఉన్న డబ్బా దించాను. అరవై రెండేళ్ల సర్వీసురా! మన ఆఫీసుల్లో అయితే ఎవడుంచుతాడు?

అతికించడం బాగానే సాగింది. ఈ జిగురు మామూలు జిగురు కాదు, ప్లాస్టిక్‌నే కాస్త కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. రెండు ముక్కలూ పట్టుకుని అతుకు దగ్గర బ్రష్‌తో ముట్టిస్తే చాలు, సందులోకి అదే పాకిపోతుంది. అతుకు ఆరాక అమ్మాయి గోళ్లు రాసుకునే పట్టీతో నున్నగా రాశాను. దాంతో అమ్మాయికీ నాకూ మాటల్లేవు.

చక్రాలు పెట్టి బల్ల మీద నిలబెట్టానా, విమానం టక్కున వెనక్కి ఒరిగి తోక మీద కూర్చుంది! ముక్కులో బరువు పెట్టమని కాగితంలో బొమ్మ వేసి మరీ చెప్పాడు, నేనే చూడలేదు. మూడు రోజులు దాని మొహం చూడబుద్ధి కాలేదు. చివరికి ముందున్న శంకువు మెల్లగా ఊడబెరికి, లోపల సీసం గుళ్లు కుక్కాను. గుళ్లెక్కడివంటావా? చింతపల్లి సముద్రం ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ఒకాయన్ని అడిగితే గుప్పెడు ఇచ్చాడు. ఎందుకో చెబితే నన్ను ఎగాదిగా చూసి, ఇంకో నాలుగు చేతిలో పోశాడు.

ఇక రంగు. పాతకాలం మిగ్‌లకు రంగు ఉండేది కాదు, ఉత్త లోహం మెరుపే. అది తేలికనుకున్నాను. తేలికేం కాదురా! వెండి రంగు కింద వెంట్రుకంత గీత ఉన్నా బయటపడిపోతుంది. ముందు నిగనిగలాడే నలుపు వేసి, అది ఆరాక వెండి పలచగా కొట్టాలి. రెండుసార్లు తుడిచేసి మళ్లీ వేశాను. మూడోసారి కుదిరింది. ఆ ఆనందంలో, బయట ముసురు పట్టి ఉన్నా, వార్నిష్ కొట్టేశాను. గాల్లో తేమకి పైపూత తెల్లగా పాలిపోయింది. మన వైపు తుఫాను రోజుల్లో ఈ పని పెట్టుకోకూడదని ఇప్పుడు తెలిసింది. ఎండ కాసిన రోజు మళ్లీ ఒక పూత వేస్తే చాలావరకు పోయింది.

రెక్కల మీద అతికించే వాయుసేన గుండ్రటి గుర్తులు మాత్రం చక్కగా వచ్చాయి. బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. నీళ్లలో నానబెట్టి, కాగితం మీంచి జార్చేటప్పుడు ఊపిరి బిగపట్టాను.

పైలట్ మీద ఉండే అద్దం సంగతి రాయకూడదనుకున్నాను. తొందరపడి సూపర్ గ్లూ పెట్టాను. దాని ఆవిరికి అద్దం లోపల పొగమంచు పట్టింది. మా పైలట్‌కి ఇప్పుడు ఎప్పుడూ ధనుర్మాసమే.

విశాఖ బీచ్ రోడ్డులో పెట్టిన టీయూ-142 నౌకాదళ విమానం కింద మనిద్దరం నిలబడింది గుర్తుందా? దాని రెక్కలు 50 మీటర్లు. 72వ వంతులో చేస్తే 70 సెంటీమీటర్లు, టీవీ పక్కన పెట్టాలి. 144వ వంతైతే 35తో సరిపోతుంది. నాలుగు ఇంజన్లకి ఎనిమిది ప్రొపెల్లర్లు, ఒక్కో ఇంజన్‌కి ఎదురెదురుగా తిరిగేవి రెండేసి. మీ చెల్లెలికి ఇంకా చెప్పలేదు. సంక్రాంతికి వస్తావు కదా, ఆ మాట నువ్వెత్తు. వచ్చేటప్పుడు సున్నా నంబరు బ్రష్‌లు రెండు తీసుకురా, అమ్మాయికి గోళ్ల పట్టీ కూడా.

ఇట్లు,
నీ బావ