పిల్లలకు ధైర్యం లేదనడం అన్యాయం

సంపాదకులకు,

పది రోజుల కింద మీ పత్రికలో ఈ తరం పిల్లలకు మనోధైర్యం లేదని, చిన్న మాటకే కుంగిపోతున్నారని రాశారు. ఆ రోజే జవాబు రాద్దామనుకుని, కోపంలో రాయకూడదని ఆగాను. ఇన్నాళ్లయినా కోపం తగ్గలేదు.

ముప్పై మూడేళ్లు ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పాను. జామచెట్టు మీంచి పడి మోకాళ్లు గీరుకుపోయినా మర్నాడు మళ్లీ అదే చెట్టెక్కే పిల్లల్ని చూశాను. ఎక్కాలు రాక ఏడ్చిన పిల్ల, పక్కపిల్ల నేర్పితే వారంలో ఒప్పజెప్పడం చూశాను. నిబ్బరం అలాగే వస్తుంది. పడాలి, లేవాలి, లేచేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి. ఈ మూడింటికీ చోటు లేకుండా చేసి, పిల్లలకు ధైర్యం లేదంటే ఎలా?

మా మనవరాలిని నిరుడు బైపీసీకి పేరున్న ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చారు. పొద్దున ఐదున్నరకు స్టడీ అవర్ మొదలైతే రాత్రి పదిన్నరకు గానీ వదలరు. ఆడుకోవడానికి జానెడు జాగా లేదు. వారం వారం టెస్టు, మార్కులు తగ్గితే కింది సెక్షన్‌కు మార్చేస్తారు. ఇంటికి ఫోన్ ఆదివారం పది నిమిషాలే, అదీ వార్డెన్ పక్కన నిలబడి వింటుండగా. సంక్రాంతికి వచ్చి వాకిట్లో ముగ్గు వేస్తూ ఒక వరసలో చుక్క తప్పింది. అంతే, చేతులు వణికాయి. "సారీ అమ్మమ్మా, సారీ" అంటూ ఏడ్చేసింది. చెరిపి మళ్లీ వేసుకోవచ్చమ్మా అని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. ఐదేళ్లప్పుడు ఈ పిల్లే ముగ్గంతా తొక్కేసి నవ్వేది.

ఆ కాలేజీవాళ్లు ఒకరోజు ఎవరినో పిలిపించి, టెన్షన్ పడకుండా పాజిటివ్‌గా ఆలోచించమని మైకులో చెప్పించారట. మర్నాడే టెస్టు పెట్టి సెక్షన్లు మార్చారు!

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త బృందం నలభై ఏళ్లు గమనిస్తూ వచ్చింది. పేదరికం, ఇంట్లో గొడవలు లాంటి కష్టాల మధ్య పెరిగినవాళ్లలో మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లకు తల్లో, అమ్మమ్మో, టీచరో, నమ్మకంగా దగ్గరకు తీసిన మనిషి ఒక్కరైనా ఉన్నారు. ఇష్టంగా చేసుకునే పనీ ఉంది. తమ బతుకు తమ చేతుల్లో కొంతైనా ఉందన్న నమ్మకం ఉంది. పదిహేడు, పద్దెనిమిదేళ్లకు తడబడినవాళ్లలో కూడా చాలామంది ముప్పై దాటేసరికి కుదురుకున్నారు. మన దగ్గర పదిహేడేళ్లకే ఒక ర్యాంకుతో బతుకు తేలిపోయిందని పిల్లల్ని నమ్మిస్తున్నాం.

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాలే చెబుతున్నాయి. అన్ని వేల మందీ పిరికివాళ్లేనా? విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టవద్దని, నలుగురిలో అవమానించవద్దని చెప్పింది. మన రాష్ట్రంలో జరిగిన ఘోరం మీద వచ్చిన తీర్పు ఇది. దీన్ని అందరికంటే ముందు మనమే అమలు చెయ్యాలి. తనిఖీకి వచ్చే అధికారులు ఫీజు రసీదులు, హాజరు పట్టీలు చూసి వెళ్తున్నారు. పిల్లలు ఎన్ని గంటలు నిద్రపోతున్నారని ఒక్కరూ అడగరు. మా ఊళ్లో స్కూలు మైదానం సగం పార్కింగ్‌కు పోయింది. ఎన్ని అర్జీలు పెట్టినా దిక్కు లేదు.

పత్రికలకూ ఇందులో బాధ్యత ఉంది. ఫలితాల మర్నాడు మొదటి పేజీ నిండా ర్యాంకుల ఫోటోల ప్రకటనలు వేసి, లోపలి పేజీలో పిల్లలకు ధైర్యం చెప్పే వ్యాసం వేస్తే వాళ్లకు ఏది కనబడుతుంది? మనసు బాగోలేనప్పుడు మాట్లాడేందుకు ప్రభుత్వం పెట్టిన సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా, డబ్బులేమీ కట్టకుండా తెలుగులోనే ఫోన్ చేసి మాట్లాడవచ్చు. కనీసం ఆ నంబరైనా ఆ ప్రకటనల పక్కన పెద్ద అక్షరాల్లో వెయ్యండి.

మనవరాలిని ఈ ఏడాది ఇంటి దగ్గర కాలేజీకి మార్పించాం. సాయంత్రం షటిల్ ఆడుతోంది, రాత్రి నిద్రపోతోంది. కానీ ఆ పాత హాస్టల్లో ఇంకా వందలమంది ఉన్నారు. మా జిల్లాలో ఏయే కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారో ఇంటర్ బోర్డు జాబితా బయటపెట్టాలి. అది వచ్చిన రోజు, దయచేసి మొదటి పేజీలో అచ్చు వెయ్యండి.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి