పికప్ బండ్ల సెన్సార్లకు రెసిస్టర్లు బిగించవద్దు

సంపాదకులు గారికి నమస్కారములు.

రావులపాలెం నుంచి అరటి గెలలు, అంబాజీపేట నుంచి కొబ్బరికాయలు, కడియం నర్సరీల నుంచి మొక్కలు, ఆకివీడు, భీమవరం చెరువుల నుంచి చేపలు, రొయ్యలు మోసే పనిలో పికప్ బండ్లదే పెద్ద పాత్ర. ఆ బండ్లకు పుల్లింగ్ పెంచుతామంటూ ఇంజన్ సెన్సార్ వైరును కత్తిరించి మధ్యలో రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే చిన్న భాగం) అతికించే పని ఈమధ్య మా ప్రాంతంలో ప్రబలింది. నాలుగైదు రూపాయల సామాను, పావుగంట పని, ఎవరికి వారే చేసుకోవచ్చు అని చెబుతుంటే కిరాయిల మీద బతికే మాలాంటి వాళ్ళు ఆశపడటం సహజం. నేనూ ఆశపడ్డాను. ఆ తర్వాత నాకు తెలిసివచ్చినది తోటి యజమానులకు చేరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇంజన్‌లోకి వెళ్ళే గాలి ఎంత వేడిగా ఉందో చెప్పే సెన్సార్‌లో ఒక చిన్న థర్మిస్టర్ ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. విరివిగా వాడే ఒక రకంలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2500 ఓములు ఉండేది 40 డిగ్రీలకు వచ్చేసరికి అందులో సగానికి పడిపోతుంది. ఆ వైరులో మరొక రెసిస్టర్ చేరిస్తే, మే నెల మిట్టమధ్యాహ్నం కూడా చల్లని గాలి వస్తున్నట్టు ఈసీఎంకు, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటరుకు, కనబడుతుంది. చల్లని గాలి చిక్కగా ఉంటుంది కనుక ఎక్కువ డీజిల్ కాలగలదని లెక్కగట్టి, నల్లపొగ రాకుండా తాను పెట్టుకున్న హద్దును ఈసీఎం కొంత సడలిస్తుంది. లోపలికి వచ్చే గాలి మాత్రం రవ్వంత కూడా పెరగదు. పూర్తిగా కాలని డీజిల్ మసిగా మారి సైలెన్సర్ వైపు పోతుంది.

2021లో కొన్న నా బండికి నిరుడు వేసవిలో, జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కేటప్పుడు పుల్లింగ్ తగ్గినట్టు అనిపించింది. తెలిసిన మెకానిక్ ఒకరు రెసిస్టర్ పెట్టారు. రెండు వారాలు బండి చురుగ్గానే నడిచింది. తర్వాత ఒకరోజు గెలల లోడుతో రాజమహేంద్రవరం వెళుతుండగా, వేమగిరి చేరకముందే చెక్ ఇంజన్ లైటు వెలిగి, ఎంత తొక్కినా బండి వేగం అందుకోలేదు. ఇంజన్‌ను కాపాడుకోవడానికి ఈసీఎం తనంతట తానే శక్తిని తగ్గించేసింది. లోడు దింపేసరికి సాయంత్రమైంది, పై వరుస గెలలు ఎండకు కమిలిపోయాయి. స్కానర్ పెట్టి చూసిన మరొక మెకానిక్ అసలు లోపం చూపించారు: ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో నుంచి వచ్చే హోస్ క్లిప్పు దగ్గర చీలింది, గాలి ఒత్తిడి చెప్పే సెన్సార్ ముక్కుకు మసి పేరుకుంది. అంటే అసలే గాలి తక్కువైన ఇంజన్‌కు నేను ఇంకా ఎక్కువ డీజిల్ తాగించాను. హోస్ మార్చి, సెన్సార్ శుభ్రం చేసి, రెసిస్టర్ తీసేశాక పుల్లింగ్ తిరిగి వచ్చింది. కానీ మసితో నిండిన డీపీఎఫ్‌ను (పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌ను) విప్పి శుభ్రం చేయించడానికి ఆ నెల సంపాదనలో చాలా భాగం పోయింది. డీపీఎఫ్ తాను పట్టిన మసిని సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చుకోవాలి. ఊరికీ ఊరికీ మధ్య పది పదిహేను కిలోమీటర్ల ట్రిప్పులు తిరిగే మన బండ్లలో ఆ పని మామూలుగానే సగంలో ఆగిపోతుంటుంది. దానికి మసిని మనమే పెంచడం ఎంత తెలివితక్కువ పనో ఆలోచించండి.

కూలెంట్ వేడి చెప్పే సెన్సార్‌కు, డీజిల్ ఒత్తిడి చెప్పే రైల్ ప్రెషర్ సెన్సార్‌కు చేసే మార్పులు ఇంతకంటే ప్రమాదకరం. మొదటిదానిలో ఇంజన్ కాగిపోతున్నా ఈసీఎంకు ఆ సంగతి తెలియదు. రెండవదానిలో డీజిల్ ఒత్తిడి తక్కువగా ఉందని భ్రమపడి ఈసీఎం దాన్ని ఇంకా పెంచుతుంది. వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడిలో పనిచేసే పంపు, ఇంజెక్టర్లు ఆ భారం మోయాలి.

సొంతంగా పని చేసుకోవాలనే ఉత్సాహం మాత్రం మంచిదే. కంపెనీ సర్వీసుకు వెళితే ఒక రోజు కిరాయి పోతుందన్న బాధ నాకు తెలుసు. పుల్లింగ్ తగ్గినప్పుడు ముందుగా ఎయిర్ ఫిల్టర్, హోసులు, క్లిప్పులు చూడాలి. మన దగ్గర కోతల కాలంలో ఊక, దుమ్ము ఫిల్టర్‌ను త్వరగా మూసేస్తాయి. చేపల ట్రేల నుంచి కారే ఉప్పునీరు, అంతర్వేది వైపు సముద్రపు గాలి వైర్లను కలిపే కప్లర్ల పిన్నులకు పచ్చటి చిలుము పట్టిస్తాయి. ఆ చిలుము కూడా వైరులో అదనపు నిరోధమే కాబట్టి, ఎవరూ రెసిస్టర్ పెట్టకుండానే సెన్సార్ తప్పు చెప్పడం మొదలుపెడుతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, వైర్లు పట్టి లాగకుండా లాక్ నొక్కి కప్లర్ విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, బాగా ఆరనిచ్చి బిగించాలి. గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సార్‌లోని సున్నితమైన భాగాన్ని గుడ్డతో తుడవకూడదు, పెట్రోలుతో కడగకూడదు. దానికోసమే వేరే స్ప్రే దొరుకుతుంది.

చట్టం సంగతి కూడా చాలామందికి తెలియదు. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ కింద ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ వేరుగా ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మకానికి వచ్చిన బీఎస్ 6 కాలుష్య ప్రమాణాల బండ్లకు అదనపు సామగ్రి పెట్టింది ఈ పొగను ఆపడానికే. కాలువ గట్టు రోడ్ల మీద మన బండి వెనకాలే సైకిళ్ళ మీద బడికి వెళ్ళే పిల్లలు ఉంటారు. ఇరుకు దారిలో ఆ పొగను తప్పించుకునే చోటు వాళ్ళకు లేదు.

రవాణా శాఖ అధికారులు ఫిట్‌నెస్ పరీక్షకు వచ్చే యజమానులకు ఈ విషయాలు తెలుగులో వివరించాలని, ఐటీఐల డీజిల్ మెకానిక్ శాఖలవారు గ్యారేజీ పనివాళ్ళకు సెన్సార్ పరీక్ష మీద చిన్న శిక్షణలు పెట్టాలని, తయారీ కంపెనీలు బండితోపాటు లోపాల కోడ్‌ల పట్టికను తెలుగులో ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పికప్ యజమాని,
కొత్తపేట మండలం,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.