ఐర్లండ్ గృహనిర్మాణ మంత్రికి బహిరంగ లేఖ: ఉండటానికి చోటు లేనప్పుడు ఇష్టంతో వెళ్లారని ఎలా అంటాం?

గౌరవనీయులైన జేమ్స్ బ్రౌన్ గారికి,

ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ ఆఫీసుకు విడిగా పంపుతున్నాను. ఇక్కడ తెలుగులో పెడుతున్నది డబ్లిన్, కార్క్, లిమరిక్‌లలో అద్దెకుంటున్న మా వాళ్ల కోసం, అప్పు చేసి పిల్లల్ని ఐర్లండ్‌కు చదువుకు పంపుతున్న తల్లిదండ్రుల కోసం. ఐరిష్ యువత దేశం విడిచి వెళ్తుంటే మధ్యలో నీకేం పని అని ఎవరైనా అడగొచ్చు. నాతో పనిచేసే ఐరిష్ పిల్లలు ఒక్కొక్కరే సిడ్నీకో పెర్త్‌కో వెళ్లిపోతున్నారు. వాళ్లు ఖాళీ చేసిన గదిని చూడటానికి మా పిల్లలు క్యూలో నిలబడుతున్నారు. వాళ్లను పంపించేస్తున్న అద్దే మమ్మల్నీ పిండుతోంది. అందుకే రాస్తున్నాను.

వాళ్లు ఇష్టపడి వెళ్తున్నారా, గతిలేక వెళ్తున్నారా అన్న చర్చ మీ దేశంలో పాతదే. 1987లో అప్పటి విదేశాంగ మంత్రి బ్రయాన్ లెనిహన్ గారు, ఇంత చిన్న ద్వీపంలో అందరం బతకలేం కదా అన్న అర్థంలో మాట్లాడారు. 2012 జనవరిలో ఆర్థిక మంత్రిగా ఉన్న మైకేల్ నూనన్ గారు, దీనికి కారణం నిరుద్యోగం కాదనీ, వేరే దేశాలు చూడాలన్న కోరిక అనీ చెబుతూ, విదేశాల్లో ఉంటున్న తన పిల్లల్నే ఉదాహరణగా చూపారు. అప్పటికి నిరుద్యోగం దాదాపు 15 శాతం. యూరోపియన్ యూనియన్, ఐఎంఎఫ్ ఇచ్చిన అప్పుతో ప్రభుత్వం నడుస్తోంది. 2013 ఏప్రిల్‌తో ముగిసిన ఒక్క ఏడాదిలో 89 వేల మంది దేశం విడిచారు. పిల్లల్ని ఎయిర్‌పోర్టులో దించి ఇంటికి వచ్చిన తల్లులకు ఆ మాట ఎంత కష్టం కలిగించి ఉంటుందో ఊహించగలను.

అయితే అదే 2013లో కార్క్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు చేసిన పరిశోధనలో ఒక విషయం బయటపడింది. దేశం విడిచిన వాళ్లలో 47 శాతం మంది, వెళ్లే ముందు ఇక్కడ ఫుల్ టైమ్ ఉద్యోగంలోనే ఉన్నారు. పైపైన చూస్తే నూనన్ గారిదే నిజం అనిపిస్తుంది. ఉద్యోగం ఉన్నవాడు వెళ్తే అది ఇష్టమే కదా అనిపిస్తుంది. నేను ఒప్పుకోను. ఉద్యోగం ఉండటం వేరు, ఆ ఉద్యోగంతో బతుకు ముందుకు సాగుతుందన్న నమ్మకం ఉండటం వేరు. జీతం కోసేస్తారేమో, కాంట్రాక్టు ఆపేస్తారేమో అన్న టెన్షన్‌తో ఏళ్లు గడిపి, చదివిన చదువుకు సంబంధం లేని పని చేస్తూ, చివరికి టికెట్ కొన్నవాడిని నిరుద్యోగుల జాబితాలో లేవు కాబట్టి సరదాకి వెళ్తున్నావనడం అన్యాయం.

ఇప్పుడు పరిస్థితి మారింది. ఉద్యోగాలు ఉన్నాయి. ఖజానాలో మిగులు ఉంది. యాపిల్ పన్ను కేసులో 2024 సెప్టెంబరులో యూరోపియన్ కోర్టు ఇచ్చిన తీర్పుతో 1,400 కోట్ల యూరోల దాకా దేశానికి వచ్చాయి. అయినా 2024 ఏప్రిల్‌తో ముగిసిన ఏడాదిలో 69,900 మంది వెళ్లిపోయారు, వాళ్లలో దాదాపు సగం మంది ఐరిష్ పౌరులు. ఆ తర్వాతి ఏడాది ఆస్ట్రేలియాకే 13,500 మంది వెళ్లారు. పని కోసమే వెళ్తున్నారనుకుంటే, పని దొరికే కాలంలో ఇంతమంది ఎందుకు వెళ్తున్నారు? అందుకే ఈ లేఖ ఉద్యోగాల మంత్రికి కాకుండా మీకు రాస్తున్నాను.

లెక్క మీకు తెలియనిది కాదు, అయినా రాస్తాను. 2025లో కనీస వేతనం గంటకు 13.50 యూరోలు. వారానికి 39 గంటల చొప్పున పనిచేస్తే నెలకు పన్నుకు ముందు వచ్చేది సుమారు 2,280 యూరోలు. ఇళ్ల ప్రకటనలు పెట్టే డాఫ్ట్ వెబ్‌సైట్ లెక్క ప్రకారం అదే ఏడాది మొదట్లో కొత్తగా అద్దెకు వచ్చే ఇళ్ల సగటు అద్దె నెలకు 2,000 యూరోలు దాటింది. కనీస వేతనానికి రెట్టింపు సంపాదించేవాళ్లు కూడా సొంతంగా ఒక ఇల్లు తీసుకోలేక ముగ్గురు నలుగురితో కలిసి ఉంటున్నారు, లేదా అమ్మానాన్నల దగ్గరే ఉండిపోతున్నారు. 2022 జనాభా లెక్కల ప్రకారం 5 లక్షల 22 వేల మందికి పైగా పెద్దవాళ్లు తల్లిదండ్రుల ఇంట్లోనే ఉన్నారు. మా వైపు పెళ్లయ్యాక కూడా తల్లిదండ్రులతో కలిసి ఉండటం మామూలే, దాన్ని ఎవరూ తక్కువగా చూడరు. కానీ ఇక్కడ పద్ధతి వేరు. 30 దాటినా చిన్నప్పటి గదిలోనే ఉంటున్న మనిషికి పెళ్లి, పిల్లలు, సొంత బతుకు అన్నీ వాయిదా పడుతున్నాయి. ఆస్ట్రేలియా వర్కింగ్ హాలిడే వీసాకు ఐరిష్ వాళ్లకు 35 ఏళ్ల దాకా వీలుంది. ఆ వయసు దగ్గర పడుతున్నకొద్దీ ఇప్పుడు వెళ్లకపోతే ఇంకెప్పుడూ వెళ్లలేం అన్న ఒత్తిడి వాళ్ల మాటల్లో వినిపిస్తుంది. బీచ్ ఫొటోలు చూసి సరదాకి వెళ్లారనుకునేవాళ్లు ఈ మాటలు వినాలి.

నిజంగా ఇష్టంతో వెళ్లేవాళ్లు లేరని నేను అనను. చాలామంది ఉన్నారు. 22 ఏళ్లకు ప్రపంచం చూడాలనుకోవడంలో తప్పేముంది? ఏటా దాదాపు 30 వేల మంది ఐరిష్ వాళ్లు తిరిగి వస్తున్నారు కూడా. మీ వెక్స్‌ఫర్డ్ కౌంటీలో న్యూ రాస్ రేవు దగ్గర, 1840ల కరువు కాలంలో వలస వెళ్లేవాళ్లను మోసిన డన్‌బ్రోడీ ఓడ నమూనా ఉంది. అమెరికా అధ్యక్షుడైన జాన్ కెనడీ ముత్తాత 1848లో ఆ ప్రాంతం నుంచే బయలుదేరాడు. కరువు కాలంలో ఓడ ఎక్కినవాళ్లతో ఇప్పుడు విమానం ఎక్కేవాళ్లను పోల్చడం ఆ చచ్చిపోయినవాళ్లకు అగౌరవం. ఇప్పుడు వెళ్లేవాళ్లకు డిగ్రీలున్నాయి, వీడియో కాల్స్ ఉన్నాయి. కానీ ఒక నిర్ణయం ఇష్టంతో తీసుకున్నదని అనాలంటే ఇక్కడ ఉండిపోవడానికి కూడా వీలుండాలి, వెళ్లాక తిరిగి రావడానికి కూడా వీలుండాలి. ఇప్పుడు ఈ రెండూ లేవు.

తిరిగి రావడం గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. 2026 మార్చి 1 నుంచి మొదలయ్యే కొత్త అద్దె ఒప్పందాల్లో అద్దెదారుకు ఆరేళ్ల భద్రత ఇచ్చారు, అది మంచి పనే. అద్దె నియంత్రణను దేశమంతటికీ విస్తరించారు, అదీ మంచిదే. కానీ అద్దెదారు తనంతట తాను ఖాళీ చేస్తే యజమాని అద్దెను మార్కెట్ ధరకు పెంచుకోవచ్చు. దీనివల్ల ఎవరికి నష్టం? పదేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు కాదు. చదువు కోసం, మొదటి ఉద్యోగం కోసం ఊళ్లు మారే యువతకు. పెర్త్ ఆసుపత్రిలో ఐదేళ్లు పనిచేసి గాల్వేకు తిరిగి రావాలనుకునే నర్సుకు. విదేశం నుంచి వచ్చే ప్రతి మనిషీ కొత్త అద్దెదారే. అంటే రమ్మని పిలుస్తూనే అందరికంటే ఎక్కువ అద్దె వాళ్లనే కట్టమంటున్నారు. కొత్తగా వచ్చే మా వాళ్లదీ ఇదే పరిస్థితి.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఇళ్లు దొరకకపోవడానికి వలస వచ్చినవాళ్లే కారణమనీ, ఐర్లండ్ నిండిపోయిందనీ అనేవాళ్లు పెరుగుతున్నారు. 2025 వేసవిలో డబ్లిన్‌లో భారతీయుల మీద దాడులు జరిగినప్పుడు మా ఇళ్లలో రాత్రి పూట బస్సెక్కాలంటే భయపడ్డారు. అసలు సంగతేమిటో మీ హౌసింగ్ కమిషన్ 2024లోనే చెప్పింది: 2022 నాటికే 2 లక్షల 12 వేల నుంచి 2 లక్షల 56 వేల ఇళ్లు తక్కువ. 2008 ఆర్థిక సంక్షోభం దెబ్బ తర్వాత కట్టడం దాదాపు ఆగిపోయింది. 2013లో దేశం మొత్తం మీద పూర్తయిన కొత్త ఇళ్లు 5 వేల లోపే. ఆ రోజుల్లో పని లేక మేస్త్రీలు, వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు లండన్‌కు, ఆస్ట్రేలియాకు పోయారు. ఇప్పుడు ఇళ్లు కట్టడానికి మనుషులు చాలడం లేదు. అప్పటి వలసను ఇష్టమని వదిలేసినందుకు ఈ తరం ఇలా మూల్యం చెల్లిస్తోంది. 2024లో 40 వేల దాకా ఇళ్లు పూర్తవుతాయని ఎన్నికల ముందు చెప్పారు. పూర్తయినవి 30,330. ఇందులో మా తప్పేముంది?

నేను కోరేవి ఎక్కువేం లేవు. 2022 లెక్కల్లో 1,66,752 ఖాళీ ఇళ్లు కనిపించాయి. వాటిలో 48 వేలకు పైగా ఇళ్లు 2016లోనూ ఖాళీగానే ఉన్నాయి. కొత్త పునాదులతో పాటు ముందు వీటి తలుపులు తెరిపించండి. ఒంటరిగా ఉండేవాళ్లకు సరిపోయే చిన్న ఇళ్లను ప్రభుత్వ స్థలాల్లో, కట్టడానికి అయిన ఖర్చును బట్టి అద్దె నిర్ణయించే పద్ధతిలో ఎక్కువగా కట్టించండి. అద్దెదారు మారినప్పుడు మార్కెట్ ధరకు పెంచుకునే వీలును తొలగించండి, కుదరకపోతే కనీసం దానికి ఒక పరిమితి పెట్టండి.

వీటన్నిటికంటే ముందు చేయగలిగింది ఒకటుంది. మీ గణాంక కార్యాలయం ఏటా వెళ్లినవాళ్ల వయసు, చదువు, పోయిన దేశం చెబుతుంది, ఎందుకు వెళ్లారో చెప్పదు. కార్క్ పరిశోధకులు 2013లో అడిగినట్టు మళ్లీ అడిగించండి: ఇక్కడ ఎలాంటి ఇంట్లో ఉండేవారు, అద్దె ఎంత, ఇల్లు దొరికితే ఉండేవారా, ఎంత అద్దెకు దొరికితే తిరిగి వస్తారు? ఇళ్లు కట్టడానికి ఏళ్లు పడతాయి, ఈ ప్రశ్నలు అడగడానికి కొన్ని నెలలు చాలు. వచ్చే ఏప్రిల్ లెక్కలు తీసేలోపే దీన్ని మొదలుపెట్టాలనీ, వచ్చిన జవాబుల్ని ఏమీ దాచకుండా ప్రచురించాలనీ కోరుతున్నాను.

గౌరవంతో,
డబ్లిన్‌లో అద్దెకుంటున్న ఒక తెలుగు ఉద్యోగి