కొట్టేసిన కేసైనా చెప్పాల్సిందే

సంపాదకులకు నమస్కారం.

అమెరికా పౌరసత్వం గురించి మీ ప్రవాసుల పేజీలో వచ్చేదంతా ఐదేళ్ల గ్రీన్‌కార్డు, సివిక్స్ ప్రశ్నలు, 710 డాలర్ల ఆన్‌లైన్ ఫీజు దగ్గరే ఆగిపోతోంది. పాత పోలీసు కేసు ఉన్నవాళ్ల సంగతి ఒక్క ముక్కా ఉండదు. మనవాళ్లలో అలాంటివాళ్లెక్కడ అనుకుంటాం గానీ, సెల్ఫ్ చెకౌట్‌లో రెండు వస్తువులు స్కాన్ చేయకుండా సంచిలో వేసుకుని గుమ్మం దాటబోయి దొరికినవాళ్లు, పార్టీలో తాగి కారు నడిపి పట్టుబడ్డవాళ్లు మనలోనూ ఉన్నారు.

వీళ్లకు తెలిసినవాళ్లిచ్చే సలహా ఒకటే: "కేసు కొట్టేశారుగా, ఎన్-400లో (పౌరసత్వ దరఖాస్తు ఫారం) నో అని పెట్టేయ్." ఇంతకంటే చెడ్డ సలహా లేదు. రికార్డు సీలైనా, చెరిపేసినా చెప్పమనే ఆ ఫారం అడుగుతుంది. వేలిముద్రలు ఎఫ్‌బీఐకి వెళ్తాయి. చిన్న దొంగతనానికి మినహాయింపు దొరకొచ్చు. ప్రమాణం చేసి ఆడిన అబద్ధానికి దొరకదు, పౌరసత్వానికి కావాల్సిన సత్ప్రవర్తన లేదనడానికి అదొక్కటే చాలు.

అసలు చిక్కంతా కన్విక్షన్ (నేర నిర్ధారణ) అనే మాట దగ్గరుంది. టెక్సస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ (తీర్పు వాయిదా) కింద నేరం ఒప్పుకుని ప్రొబేషన్ (జైలుకు బదులు షరతులతో కోర్టు పర్యవేక్షణ) పూర్తిచేస్తే కేసు డిస్మిస్ అవుతుంది. రాష్ట్రం లెక్కలో కన్విక్షన్ లేనట్టే, ఇమిగ్రేషన్ లెక్కలో ఉన్నట్టే. అక్కడ 100 నుంచి 750 డాలర్లలోపు దొంగతనం క్లాస్ బి నేరం, గరిష్ఠ శిక్ష 180 రోజులు. 750 చేరితే క్లాస్ ఎ, గరిష్ఠం ఏడాది. అదొక్కటే నేరమై, పడిన శిక్ష ఆరు నెలలు మించకపోతే సత్ప్రవర్తన విషయంలో రెండింటికీ మినహాయింపు ఉంటుంది. కానీ క్లాస్ ఎ నేరం అమెరికాలో ప్రవేశించిన ఐదేళ్లలోపు చేసిందైతే గ్రీన్‌కార్డుకే ముప్పు. పౌరసత్వం అడగబోయి డిపోర్టేషన్ నోటీసు తెచ్చుకునేది ఇలాగే.

ఏడాది జైలు వేసి, దాన్ని సస్పెండ్ చేసి ప్రొబేషన్ ఇస్తే ఇంకా ప్రమాదం. జైలు గడప తొక్కకపోయినా అది ఏడాది శిక్షే. దొంగతనం అగ్రవేటెడ్ ఫెలొనీ (ఇమిగ్రేషన్ చట్టం లెక్కలో తీవ్ర నేరం) అయిపోయి పౌరసత్వానికి శాశ్వతంగా తలుపు మూసుకుంటుంది. అదే 364 రోజులైతే మూసుకోదు. ఆ ఒక్క రోజు కోసం క్రిమినల్ లాయరు నేరం ఒప్పుకోకముందే బేరమాడాలి. ఇమిగ్రేషన్ పర్యవసానాలు చెప్పడం ఆయన బాధ్యతేనని 2010లో పడిల్లా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, అడిగి మరీ చెప్పించుకోవాలి.

ప్రొబేషన్ నడుస్తుండగా దరఖాస్తు ఆమోదించరు, కాబట్టి అది ముగిశాకే వెళ్లడం మేలు. ఐదేళ్లలో రెండుసార్లు తాగి నడిపిన కేసుల్లో శిక్ష పడితే సత్ప్రవర్తన లేదనే భావనతోనే అధికారి మొదలుపెడతాడు.

కోర్టు క్లర్కు దగ్గర ముద్ర వేసిన సర్టిఫైడ్ డిస్పొజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే కోర్టు పత్రం) తీసుకోండి, వెబ్‌సైట్ ప్రింటును నమ్ముకోవద్దు. రికార్డు చెరిపించుకునే ముందే రెండు మూడు కాపీలు దాచుకోవాలి. చెరిపేశాక క్లర్కు దగ్గర కాగితం దొరకదు, అధికారి మాత్రం ఆ కాగితమే అడుగుతాడు. ఫారం నింపకముందే దాన్ని ఇమిగ్రేషన్ లాయరుకు చూపించాలి.

తెలుగు సంఘాలకూ ఒక మనవి. పౌరసత్వ శిబిరం పెట్టినప్పుడు, వెనకాల వరుసలో పదిమంది వింటుండగా "ఎప్పుడైనా అరెస్టయ్యారా?" అని వాలంటీరు అడిగితే అవునని ఎవరంటారు? ఆ ఒక్క ప్రశ్నకు విడిగా ఒక గది, అందులో ఒక లాయరును పెట్టండి.

— ఒక పాఠకుడు, డాలస్