మీ విండోలు మూడు నెలలు ఎందుకు ఆగిపోయాయంటే

నమస్కారం. అనంతపురంలోని మన చిన్న షెడ్డు నుంచి రాస్తున్నాను. జనవరిలో ఇస్తామన్న కాల్షియం ఫ్లోరైడ్ విండోలు, అంటే పరికరాల్లో ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు దాటిపోయే స్ఫటికపు బిళ్లలు, ఇంకా మీకు అందలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "వచ్చే వారం" అన్నాను. అది తప్పు. అప్పటికి కారణం నాకే తెలీదు, తెలీదనే చెప్పాల్సింది.

విండోలు కోసేది స్ఫటికపు కడ్డీల నుంచి. అవి వరుసగా ఐదు పగిలాయి. నాలుగోది నాకు బాగా గుర్తు. గ్రాఫైట్ మూసలోంచి రెండు చేతులా ఎత్తి, బల్ల మీద గుడ్డ పరిచి పెట్టాం. నీళ్లే గడ్డకట్టినట్టు ఉంది. టీ తాగుతుండగా టిక్కుమని చిన్న చప్పుడు. వచ్చి చూస్తే ఏటవాలుగా, అద్దమంత నున్నగా రెండు చెక్కలు. ఈ స్ఫటికం తన పొరల వెంబడే అలా విడిపోతుంది. తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో వజ్రాలు వెతికే జనాన్ని చూస్తూ పెరిగినవాణ్ణి, స్ఫటికం పగిలితే నాకు ఆ పూట అన్నం సహించదు.

మొదట కరెంటును అనుమానించాం. లాగ్ పుస్తకం తిరగేస్తే కరెంటు పోయిన రోజులకూ పగిలిన కడ్డీలకూ పొంతన లేదు. కరిగించే ముడి పొడి మార్చాం, అదే కథ. ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్స్ మాత్రం మేం లెక్కగట్టిన డిగ్రీలే చూపిస్తున్నాయి. అవి కొలిచేది మూస గోడను, లోపలి స్ఫటికాన్ని కాదు.

తప్పు నా లెక్కలోనే ఉంది. కరిగిన పదార్థమున్న మూసను వేడి గదిలోంచి చల్లటి గదిలోకి గంటకు 2 మిల్లీమీటర్ల చొప్పున దించుతాం, అడుగు నుంచి పైకి గడ్డకడుతూ వస్తుంది. స్ఫటికాలు పెంచడానికి బ్రిడ్జ్‌మన్, స్టాక్‌బర్గర్ అనే శాస్త్రవేత్తలు చూపిన పాత దారే. ద్రవానికీ గట్టిపడినదానికీ మధ్య హద్దు మరీ వంగిపోకూడదు. దాన్ని కంటితో చూడలేం కాబట్టి వేడి ఎటు పోతోందో కంప్యూటర్లో లెక్క కడతాం. లిథియం ఫ్లోరైడ్ అనే మరో స్ఫటికం కోసం ఎప్పుడో రాసుకున్న లెక్కనే దీనికీ వాడాను. అందులో వేడి పదార్థం గుండా పాకుతుంది, అంతే. కిరణాలుగా పోయే వేడి లేదు.

మే నెలలో గుంతకల్లు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే అద్దం కంటే మన తొడలే ఎక్కువ కాలతాయి. ఎండ అద్దంలో ఆగదు. ఇక్కడా అంతే. ఇన్‌ఫ్రారెడ్‌ను తన గుండా పోనిస్తుందనే కదా మీరు ఈ విండోలు కొనేది! ఇది కరిగేది 1420 డిగ్రీల దగ్గర. ఆ వేడిలో అన్నిటికన్నా బలంగా వచ్చే కిరణాలు 1.7 మైక్రాన్ల చుట్టుపక్కలవి, స్ఫటికం వాటిని ఆపదు. హద్దు దగ్గరి వేడి గట్టిపడిన భాగం గుండా సూటిగా చల్లటి గోడలకు పారిపోతోంది. లిథియం ఫ్లోరైడ్ 850 దగ్గరే కరుగుతుంది, అందుకే అక్కడ ఈ లోపం బయటపడలేదు. కిరణాల వేడి కెల్విన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది. డిగ్రీల్లో చూస్తే రెట్టింపైనా లేని తేడా, కిరణాల్లో ఐదు రెట్లు!

మా మేనకోడలు కూర్చుని, కిరణాలను ఒక్కో దిక్కుకూ విడివిడిగా లెక్కించేలా అంతా తిరగరాసింది. మేం చదును అనుకున్న హద్దు తెరమీద లోతుగా వంగి కనిపించింది. ఉక్కు కంటే ఎక్కువ వ్యాకోచించే పదార్థం ఇది. ఒక పక్క ముందు, ఒక పక్క వెనక చల్లారితే ఎలా నిలుస్తుంది?

ఇప్పుడు మూస అడుగున వేడిని వెనక్కి తిప్పే రేకులు పెట్టాం. దించే వేగం గంటకు 1 మిల్లీమీటరు చేశాం. చల్లార్చడానికి నాలుగు రోజులు పట్టేది, ఇప్పుడు పదకొండు. రెండు కడ్డీలు పగలకుండా వచ్చాయి. రెండోదాని అంచున ఇంకా ఒత్తిడి ఉంది, ఆ ముక్కలు ఎవరికీ పంపను.

పాత ఆర్డర్లకు పాత ధరే. కొత్తవాటికి ఎనిమిది వారాలు పడుతుంది, ధర కూడా పెరుగుతుంది. ఆగలేనివాళ్లకు అడ్వాన్సు మొత్తం తిరిగిస్తాను.

నవంబరు, డిసెంబరుల్లో మా విండోలు తీసుకున్నవాళ్లకు ఒక మనవి. రెండు పోలరాయిడ్ ఫిల్ములు అడ్డంగా నిలువుగా తిప్పి, వెలుతురు పూర్తిగా ఆగాక మధ్యలో విండోను పెట్టి చూడండి. అంతా చీకటిగా ఉంటే మంచిది. తెల్లటి మరకలు కనిపిస్తే లోపల ఒత్తిడి ఉన్నట్టే, ఫోటో తీసి పంపండి, కొరియర్ ఖర్చు నాదే, కొత్త ముక్క ఇస్తాను.